రెడ్డా, ఎల్లోనా, బ్లాకా? లీనియర్ స్విచ్ కొనేముందు స్ప్రింగు సంగతి

మెకానికల్ కీబోర్డు, అంటే ప్రతి కీ కింద విడిగా ఒక స్విచ్ ఉండేది, కొందామని కూర్చుంటే మొదట్లో అంతా సులువుగానే ఉంటుంది. టక్కు టక్కుమని మోగే క్లిక్కీ స్విచ్‌లు ఇంట్లో వాళ్లు ఒప్పుకోరు కాబట్టి వద్దు, మధ్యలో వేలికి గుబ్బ తగిలే ట్యాక్టైల్ వద్దు, పై నుంచి అడుగు దాకా నున్నగా దిగిపోయే లీనియర్ కావాలి. ఇంతవరకు తేల్చుకోవడం పెద్ద పనేం కాదు. తలనొప్పి ఆ తర్వాత మొదలవుతుంది. రెడ్, బ్లాక్, సిల్వర్, ఎల్లో, మిల్కీ ఎల్లో, క్రీమ్ ఎల్లో, ఆయిల్ కింగ్, ఇంక్ బ్లాక్, ఇవి చాలవన్నట్టు నెలనెలా వచ్చే కొత్త పేర్లు. అన్నీ లీనియరే, అన్నిటి మీదా స్మూత్ అనే రాసుంటుంది, ధర చూస్తే ఒకదానికి రెండో దానికి రెండు మూడింతల తేడా.

నల్లగొండలోనో పాలమూరులోనో ఉండేవాళ్లకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది, నొక్కి చూసి కొందామంటే ఊళ్లో దొరకవు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా పోతే బయట పెట్టిన కీబోర్డులు రెండో మూడో నొక్కి చూడొచ్చు గానీ, విడి స్విచ్‌లంటే ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి. అంటే వేలితో కాదు, చదివి ఎంచుకోవాలి. చదివి ఎంచుకోవాలంటే అక్కడ రాసిన ఏ అంకె మన వేలికి పనికొస్తుందో, ఏది ఉత్త ప్రకటనో తెలియాలి.

స్విచ్ విప్పి చూస్తే లోపల పెద్ద మర్మమేం లేదు. పైన మూత, కింద డబ్బా, మధ్యలో స్టెమ్ అనే ప్లాస్టిక్ ముక్క, దాని కింద స్ప్రింగు, పక్కన రెండు సన్నటి లోహపు రేకులు. స్టెమ్‌కు రెండు కాళ్లుంటాయి. కీ పైన ఉన్నంతసేపు ఆ కాళ్లు ఒక రేకును వెనక్కి నెట్టి పట్టుకుంటాయి, కీ దిగగానే కాళ్లు తప్పుకుంటాయి, ఆ రేకు పోయి రెండో రేకుకు తగులుతుంది, అక్షరం పడుతుంది. ట్యాక్టైల్‌లో ఆ కాళ్ల మీద చిన్న గుబ్బ ఉంటుంది, అది రేకును దాటేటప్పుడు వేలికి తెలుస్తుంది. లీనియర్‌లో ఆ గుబ్బ లేదు. అక్షరం ఎక్కడ పడిందో వేలికి చెప్పేది స్ప్రింగు ఒక్కటే, అది ఎంత బలంగా, ఎంత తొందరగా ఎదురు నిలుస్తుందన్న దాన్ని బట్టే మన వేలు ఎంత దూరం దిగిందో తెలుసుకుంటుంది. అందుకే నా లెక్కలో లీనియర్ ఎంచుకోవడమంటే ముప్పాతిక వంతు స్ప్రింగు ఎంచుకోవడమే. రంగు, కంపెనీ, ప్లాస్టిక్, నూనె అన్నీ దాని తర్వాత.

రంగుల పేర్లు జర్మనీ కంపెనీ చెర్రీ నుంచి వచ్చాయి. 1980ల నుంచి ఉన్న ఎంఎక్స్ బ్లాక్‌లో గట్టి స్ప్రింగు, 2008లో వచ్చిన ఎంఎక్స్ రెడ్‌లో మెత్తటిది. 2014 ప్రాంతంలో చెర్రీ పేటెంటు గడువు తీరాక చైనాలో గేటరాన్, కైల్, అవుటెము, టీటీసీ లాంటివన్నీ విజృంభించాయి, పేర్లకు ఓ పద్ధతంటూ లేకుండా పోయింది. రెడ్ అంటే మెత్తటి లీనియర్, బ్లాక్ అంటే గట్టి లీనియర్ అన్నది ఇప్పటికీ చాలావరకు నిలిచి ఉంది, గేటరాన్ పుణ్యమా అని ఎల్లో అంటే ఆ రెండింటి మధ్యది. మిగతా పేర్లలో సమాచారమేం ఉండదు, స్పెక్ షీట్ (కంపెనీ ఇచ్చే కొలతల పట్టిక) తెరవాల్సిందే.

స్పెక్ షీట్ తెరిస్తే 45, 50, 60, 63.5 అని అంకెలు కనిపిస్తాయి. ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే, ఎందుకంటే ఒక్కో స్విచ్‌కు రెండు బరువులుంటాయి, అమ్మేవాళ్లు ఒక్కోసారి ఒకటి రాస్తారు, ఒక్కోసారి ఇంకోటి రాస్తారు. అక్షరం పడే చోట కావాల్సిన బలం ఒకటి, దాన్ని యాక్చుయేషన్ అనో ఆపరేటింగ్ ఫోర్స్ అనో రాస్తారు. కీ పూర్తిగా దిగి అడుగుకు తగిలే చోట కావాల్సిన బలం రెండోది, అది బాటమ్ అవుట్. చెర్రీ రెడ్ 45 అన్నప్పుడు అది మొదటి అంకె, అదే స్విచ్ అడుగుకు చేరేసరికి సుమారు 60 అవుతుంది. విడిగా స్ప్రింగులు అమ్మేవాళ్లు 62, 63.5, 67 అని రాసేది ఎక్కువగా రెండో అంకె. కాబట్టి ఒకచోట 62, ఇంకోచోట 60 చూసి రెండూ ఇంచుమించు ఒకటే అనుకుంటే, మొదటిది రెడ్ అంత మెత్తగా, రెండోది బ్లాక్ అంత గట్టిగా ఉండొచ్చు.

చెర్రీ సెంటీన్యూటన్లలో రాస్తుంది, చైనా కంపెనీలు గ్రాముల్లో రాస్తాయి, రెండింటికీ తేడా రెండు శాతమే, దాన్ని వదిలేయండి. వదలకూడనిది ఆ అంకె పక్కన చిన్నగా ఉండే ప్లస్ ఆర్ మైనస్. గేటరాన్ షీట్లలో 50 గ్రాముల పక్కన ప్లస్ ఆర్ మైనస్ 15 అని ఉంటుంది. ప్రతి స్విచ్ అంత తేడాగా వస్తుందని కాదు, మామూలుగా అంతకంటే చాలా దగ్గరగానే ఉంటాయి, కానీ తయారుచేసినవాళ్లే అంత వెసులుబాటు పెట్టుకున్నప్పుడు 45 మంచిదా 48 మంచిదా అని అర్ధరాత్రి దాకా రివ్యూలు చూడటం దండగ పని. 45కూ 55కూ మధ్య తేడా మాత్రం ఎవరి వేలికైనా తెలుస్తుంది.

మరి మనకు ఏ బరువు కావాలో ఇంట్లో కూర్చుని ఎలా తెలుసుకోవడం? పది రూపాయల బిళ్లలతో. కిరాణా కొట్టులో తీసుకోరు, రిజర్వ్ బ్యాంకు చెల్లుతాయని ఎన్నిసార్లు చెప్పినా తీసుకోరు, కాబట్టి ఇంట్లో ఏదో డబ్బాలో పోగుపడే ఉంటాయి. ఒక్కో బిళ్ల సుమారు 7.7 గ్రాములు. నోట్‌ప్యాడ్ తెరిచి, ఇప్పుడు వాడుతున్న కీబోర్డులో ఏదైనా అక్షరం కీ మీద చిన్న రబ్బరు ముక్క పెట్టి (లేకుంటే బిళ్ల వెడల్పుకు పక్క కీల మీద ఆనుతుంది) దాని మీద అక్షరం పడేదాకా ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోండి. ఆరు బిళ్లలంటే 46 గ్రాములు, ఇంచుమించు చెర్రీ రెడ్‌లో అక్షరం పడే బరువు. ఎనిమిదంటే 62కు దగ్గర, అది బ్లాక్. ఆఫీసుల్లో ఉండే మామూలు మెంబ్రేన్ కీబోర్డుకు సాధారణంగా ఏడెనిమిది పడతాయి. ఇన్నాళ్లూ ఏడెనిమిది బిళ్లల బరువుకు అలవాటుపడిన వేలు ఒక్కసారిగా ఆరింటికి దిగితే మొదటి వారం తప్పులే తప్పులు. దాన్ని స్విచ్ లోపమనుకుని అమ్మేసినవాళ్లు ఉన్నారు.

బరువు తర్వాత చూడాల్సింది ఆ బరువు పెరిగే తీరు, దీని గురించి అమ్మేవాళ్లు పెద్దగా చెప్పరు. మామూలు స్ప్రింగు పొడవు 14, 15 మిల్లీమీటర్లుంటుంది, నొక్కుతున్నకొద్దీ బరువు పెరుగుతూ పోతుంది, అడుగు దగ్గర పడుతోందని వేలికి ముందే తెలుస్తుంది. ఈ మధ్య 20, 22 మిల్లీమీటర్ల పొడవు స్ప్రింగులు వేస్తున్నారు. అంత పొడవుదాన్ని అదే చిన్న డబ్బాలో ఇరికిస్తే ఎవరూ ముట్టుకోకముందే అది బాగా కుదించుకుని కూర్చుంటుంది, కాబట్టి మొదటి నుంచే గట్టిగా ఉంటుంది, చివర్లో పెద్దగా పెరగదు. దీనివల్ల కీ చటుక్కున పైకి లేస్తుంది, వేలు ఊరికే ఆనించినంత మాత్రాన దిగదు. కానీ అడుగు వస్తోందన్న హెచ్చరిక ఉండదు, టప్పున కొట్టుకుంటుంది. మెల్లగా, సగం దాకానే నొక్కి వదిలే అలవాటున్నవాళ్లకు మామూలు స్ప్రింగు, ఎలాగూ ప్రతి కీని అడుగంటా కొట్టేవాళ్లకు పొడవు స్ప్రింగు బాగుంటాయని నా అభిప్రాయం. టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో రెమింగ్టన్, గోద్రెజ్ మిషన్ల మీద నేర్చుకుని వచ్చినవాళ్లు రెండో రకం. ఆ మిషన్ మీద మెల్లగా నొక్కితే కాగితం మీద అక్షరమే సరిగా పడేది కాదు, ఆ చేతి బలం ఇప్పటికీ పోలేదు.

ఇక తెలుగు టైపింగ్ సంగతి. ఇంగ్లిష్ రివ్యూలు ఎన్ని చూసినా ఇది దొరకదు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర డీటీపీ పని చేసే ఒకాయన మంచి రెడ్ స్విచ్‌ల కీబోర్డు కొన్నాడు, ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషలకు ప్రభుత్వం పెట్టిన కీల అమరికలో) కొడతాడు. ‘ఎట్లుందన్నా?’ అంటే, ‘నున్నగనే ఉంది తమ్మీ, గని చేతులు పెట్టి కాగితం చదువుకుందామంటే గుడులు పడుతున్నయి’ అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, దానికి కారణం లేఅవుట్‌లోనే ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ఎడమచేతి వైపు ఎక్కువగా గుణింతపు గుర్తులు, కుడిచేతి వైపు ఎక్కువగా హల్లులు. ఎడమచేతి నాలుగు వేళ్లు ఊరికే ఆనించి పెట్టుకునే ఏ, ఎస్, డి, ఎఫ్ కీల మీద వరుసగా ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి ఉంటాయి. కుడిచేతి కింద ర, క, త, చ. అంటే మెత్తటి స్విచ్ మీద ఎడమ చూపుడు వేలు కాస్త బరువుగా ఆనితే చాలు, ముందు కొట్టిన అక్షరానికి గుడి పడిపోతుంది.

ఇంగ్లిష్‌లో ఇలా ఒక అక్షరం అదనంగా పడితే పదం విరిగిపోతుంది, కింద ఎర్రగీత వస్తుంది, చూసి దిద్దుకుంటాం. తెలుగులో గుడి అదనంగా పడితే చాలాసార్లు అది కూడా ఒక సరైన పదమే. కోట కోటి అవుతుంది, రాత రాతి అవుతుంది, పేట పేటి అవుతుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు కూర్చుని దస్తావేజులు కొట్టేవాళ్లకు కోటకూ కోటికీ తేడా ఎంతో చెప్పనక్కర్లేదు. స్పెల్ చెకర్ పట్టుకోదు, కన్నే పట్టుకోవాలి, సాయంత్రానికి కన్ను అలసిపోతుంది.

పైగా ఒత్తక్షరాలు. అక్క అని కొట్టాలంటే షిఫ్టుతో డి, తర్వాత కె, మళ్లీ డి, మళ్లీ కె. నాలుగు నొక్కుల్లో రెండు ఒకే వేలివి. తెలుగులో ఒత్తులు లేని వాక్యం అరుదు కాబట్టి ఎడమచేతి మధ్యవేలికి పగలంతా పని ఉంటుంది, అది తొందరగా పైకి లేచే కీ కోరుకుంటుంది. ఇక చిటికెన వేలికి ఎడమవైపు ఓత్వం, కుడివైపు చ, ట, రెండువైపులా షిఫ్టు, అచ్చులకూ, ఒత్తి పలికే ఖ, ఛ, ఠ లాంటి వాటికీ షిఫ్టు తప్పదు. షాపులో ఒక్క స్విచ్‌ను బొటనవేలితో నొక్కి బాగుందనుకోవడం ఇందుకే పనికిరాదు, చూడాల్సింది చిటికెన వేలితో.

కాబట్టి ఇన్‌స్క్రిప్ట్‌లో రోజంతా కొట్టేవాళ్లకు నేను చెప్పేది, అక్షరం పడే బరువు 50 నుంచి 60 మధ్య ఉండాలి, 45కు దిగొద్దు. గేటరాన్ మిల్కీ ఎల్లో ప్రో 50 దగ్గర ఉంటుంది, లీనియర్లలో చౌక రకాల్లో ఒకటి, దాంతో మొదలుపెట్టి చెడినవాళ్లను చూడలేదు. అంతకంటే కాస్త గట్టిది కావాలంటే 55 దగ్గర ఉండే ఆయిల్ కింగ్, ధర ఎక్కువ. టైపు మిషన్ చేయి ఉన్నవాళ్లకు చెర్రీ బ్లాక్ 60. అదే ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఫొనెటిక్ పద్ధతివాళ్లకైతే గుణింతాలన్నీ ఒకే చేతి కింద చేరవు, అదనంగా పడ్డా పదం వింతగా మారి కంటికి కనిపిస్తుంది, రెడ్ పెట్టుకున్నా నష్టం లేదు. ప్రోగ్రామింగ్ చేసేవాళ్లదీ ఇదే కథ, తప్పు పడితే కంపైలర్ తిడుతుంది.

బోర్డు హాట్‌స్వాప్ అయితే, అంటే టంకం లేకుండా స్విచ్‌లు పీకి మార్చుకోగలిగేదైతే, అన్ని కీలకూ ఒకటే స్విచ్ ఉండాలన్న నియమం కూడా లేదు. చిటికెన వేలి కీలకు మెత్తనివి, మిగతావాటికి మధ్యరకం, స్పేస్‌బార్‌కు గట్టిది పెట్టుకోవచ్చు, బొటనవేలు ఎప్పుడూ దాని మీదే ఆని ఉంటుంది కదా.

దూరం లెక్క తొందరగా చెప్పేస్తాను. చెర్రీ రెడ్‌లో కీ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, 2 మిల్లీమీటర్ల దగ్గర అక్షరం పడుతుంది. స్పీడ్ సిల్వర్‌లో 1.2 దగ్గరే పడుతుంది, మొత్తం 3.4. వేగం వేగం అని అమ్మేది ఈ 0.8 మిల్లీమీటర్ల తేడానే. ఆటలాడేవాళ్లకు సరే. మెత్తటి స్ప్రింగు, పైగా అంత పైనే అక్షరం పడటం, తెలుగు టైపింగ్‌కు ఇంతకంటే చెడ్డ జోడీ లేదు. ఆటలకే కావాలంటే ఇప్పుడు సిల్వర్ కూడా వద్దు, అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ కీబోర్డులు వచ్చాయి. వాటిలో రేకులు తగలడమనేది లేదు, స్టెమ్‌లో ఉన్న అయస్కాంతం ఎంత దగ్గరకొచ్చిందో సెన్సార్ కొలుస్తుంది, అక్షరం ఎక్కడ పడాలో సాఫ్ట్‌వేర్‌లో మనమే పెట్టుకోవచ్చు. ర్యాపిడ్ ట్రిగ్గర్ అంటే వేలు కాస్త పైకి లేచిన క్షణమే కీ వదిలినట్టు లెక్క, వూటింగ్ కంపెనీ వల్ల పేరుకెక్కింది. టైపింగ్‌కు అదే బోర్డులో దిగువన పడేట్టు మార్చుకోవచ్చు కూడా.

ఇప్పుడు నునుపు. అందరూ మొదట అడిగేది ఇదే, నేను చివర్లో పెట్టాను, ఎందుకంటే నునుపు తర్వాత కూడా సరిచేసుకోవచ్చు, స్ప్రింగు బరువు కుదరకపోతే రోజూ బాధే. గరుకు వచ్చేది రెండు చోట్ల, స్టెమ్ పక్కలు డబ్బా గాడుల్లో రాసుకునేచోట, కాళ్లు రేకుకు రాసుకునేచోట. స్టెమ్‌కు పీఓఎం అనే ప్లాస్టిక్ వాడేది అది సహజంగానే జారుడుగా ఉంటుంది కాబట్టి. పాత చెర్రీ బ్లాక్‌లు ఏళ్ల తరబడి వాడకంలో అరిగి అరిగి నున్నబడతాయి, వాటిని వెతికి కొనేవాళ్లున్నారు. ఓపిక ఉన్నవాళ్లు ఒక్కో స్విచ్ విప్పి క్రైటాక్స్ 205 గ్రీజు సన్న బ్రష్‌తో పూస్తారు. బాగా వస్తుంది, కానీ ఎక్కువ పూస్తే కీ బద్ధకంగా లేస్తుంది, నడుం నొప్పి ఉచితం. ఇప్పుడు చాలా స్విచ్‌లు ఫ్యాక్టరీలోనే గ్రీజు పూసి వస్తున్నాయి, చెర్రీ కూడా 2023లో తెచ్చిన ఎంఎక్స్2ఏ నుంచి పూసే ఇస్తోంది. మొదటిసారి కొనేవాళ్లు అలా ఫ్యాక్టరీ గ్రీజు (లూబ్) ఉన్నది తీసుకుని ఊరుకోవడం మంచిది.

మన దగ్గర నునుపుకు అసలు శత్రువు దుమ్ము. మిర్యాలగూడలో రైస్ మిల్లుల ఊక దుమ్ము, రోడ్డు పక్క షాపయితే ఎర్రమట్టి, ఎండాకాలం కిటికీలు తెరిచి పైన ఫ్యాన్ తిరుగుతుంటే అంతా కీల సందుల్లోకే. గ్రీజుకు దుమ్ము అంటితే నున్నటి స్విచ్ కూడా గరగరలాడుతుంది. రేకుల మధ్య చేరితే ఒకసారి నొక్కితే అక్షరం రెండుసార్లు పడుతుంది, లేదా పడనే పడదు. ఇలాంటి చోట కూర్చునేవాళ్లు కైల్ బాక్స్ రకం చూడొచ్చు, అందులో రేకులు తగిలే భాగాన్ని చిన్న పెట్టెలో మూసేశారు, దుమ్ము, నీటి తుంపర విషయంలో ఐపీ56 రేటింగ్ ఇస్తారు. నునుపులో మిల్కీ ఎల్లో కంటే ఒక మెట్టు తక్కువనిపించినా దుమ్ములో ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఏ స్విచ్ అయినా రాత్రి బోర్డు మీద గుడ్డ కప్పడం ఏ గ్రీజు కంటే చౌక.

శబ్దం కోసం స్విచ్ మార్చేవాళ్లకు ఒక్క మాట. వీడియోలో విన్న శబ్దం మీ బల్ల మీద రాదు. అందులో సగం కేసుది, స్విచ్‌లు బిగించే ప్లేటుది, లోపల పెట్టిన ఫోమ్‌ది, కీక్యాప్‌ల మందానిది, మైకుది. స్విచ్ వంతుగా తెలుసుకోవాల్సింది ఇంతే, నైలాన్ డబ్బా కాస్త బొంగురుగా, పాలికార్బొనేట్ డబ్బా కాస్త కీచుగా మోగుతుంది, లాంగ్ పోల్ అని రాసి ఉంటే స్టెమ్ మధ్య కాడ ముందే అడుగుకు తగిలి గట్టిగా టక్కుమంటుంది, దిగే దూరం కూడా కాస్త తగ్గుతుంది. ఒకే గదిలో పిల్లలు పడుకుంటే సైలెంట్ లీనియర్లున్నాయి, స్టెమ్‌కు రబ్బరు మెత్తలు పెడతారు. అడుగున మెత్తగా, కాస్త జిగురుగా అనిపిస్తుంది, కొందరికి అది అసలు నచ్చదు, నాకైతే రాత్రిపూట అదే నయం.

ఆర్డర్ పెట్టే ముందు బోర్డు సంగతి చూసుకోవాలి. హాట్‌స్వాప్ కాకపోతే పాత స్విచ్‌లు తీయడానికి టంకం కరిగించాలి, అలవాటు లేనివాళ్లు దిగొద్దు. హాట్‌స్వాప్ అని రాసినా కొన్ని చౌక బోర్డుల్లో సాకెట్లు అవుటెము సన్న పిన్నులకే సరిపోతాయి, గేటరాన్ బలవంతంగా గుచ్చితే సాకెట్ పోతుంది. ఐదు పిన్నుల స్విచ్ మూడు పిన్నుల బోర్డులో పట్టకపోతే అదనంగా ఉన్న రెండు ప్లాస్టిక్ కాళ్లు నెయిల్ కట్టర్‌తో కత్తిరించొచ్చు, లోహపు పిన్నులు మాత్రం ముట్టుకోవద్దు. అయస్కాంతపు స్విచ్‌లు, లో ప్రొఫైల్ (ఎత్తు తక్కువ) స్విచ్‌లు మామూలు బోర్డులో పనిచేయవు, ధర తక్కువగా కనిపించిందని వాటి జోలికి పోవద్దు.

ఏది తీసుకోవాలో తేలకపోతే రెండు మూడు రకాలు పదేసి చొప్పున తెప్పించండి. చాలాచోట్ల పది పది పొట్లాల్లోనే అమ్ముతారు. మిగతా కీలన్నీ వదిలి ఏ, ఎస్, డి, ఎఫ్ కీలకు, రెండు షిఫ్టులకు ఒక రకం పెట్టి వారం రోజులు మామూలు పని చేసుకోండి, తర్వాత రకం మార్చండి. తేలాక మొత్తం బోర్డుకు తెప్పించేటప్పుడు 87 కీలైతే 90 కాకుండా 100 తీసుకోండి, పెట్టేటప్పుడు పిన్ను వంగేవి కొన్ని ఉంటాయి, తర్వాత అదే బ్యాచ్ దొరకదు.